ఎన్ఐసీయూలో బిడ్డ: మొదటి గంటల నుంచి ఇంటికి వెళ్ళేదాకా తల్లిదండ్రులకు మార్గదర్శి

నెలలు నిండకుండానే పుట్టిన బిడ్డను, లేదా పుట్టగానే జబ్బుపడిన బిడ్డను నవజాత శిశువుల ఇంటెన్సివ్ కేర్ యూనిట్‌కు, అంటే ఎన్ఐసీయూకు తీసుకువెళ్ళాక చాలామంది తల్లిదండ్రులు తలుపు బయట కూర్చుండిపోతారు. లోపల జరిగేదంతా డాక్టర్ల పని, నర్సుల పని, యంత్రాల పని అనుకుంటారు. అది సగమే నిజం. తల్లి పాలు, ఒంటి వెచ్చదనం, తెలిసిన గొంతు, రోజూ గమనించే కళ్ళు కూడా బిడ్డ చికిత్సలో భాగమే. ఈ పనులు తల్లిదండ్రులు చేసినంత బాగా మరెవరూ చేయలేరు. వాటిని ఏ క్రమంలో, ఎలా చేయాలో ఇక్కడ వివరిస్తాను. మీ బిడ్డకు ఏది ఎప్పుడు మొదలుపెట్టవచ్చో మాత్రం చూస్తున్న డాక్టర్లనే అడగాలి.

మొదటి గంటలు: ఐదు ప్రశ్నలు

అయోమయంలో ఉన్నప్పుడు ఏమి అడగాలో తోచదు. అందుకే ఈ ఐదింటినీ కాగితం మీద రాసుకుని లోపలికి వెళ్ళండి. బిడ్డ ఎన్ని వారాలకు పుట్టింది? బరువెంత? ఊపిరి తనంతట తాను తీసుకుంటోందా, సాయం కావలసి వస్తోందా? ఇప్పుడున్న ముఖ్యమైన సమస్య ఏమిటి? వచ్చే మూడు రోజుల్లో డాక్టర్లు దేనిని జాగ్రత్తగా గమనించబోతున్నారు?

వీటిలో మొదటి ప్రశ్నే అన్నిటికన్నా విలువైనది. 37 వారాలు నిండకముందు పుడితే నెలలు నిండని బిడ్డ అంటారు. 2020లో ప్రపంచమంతటా ఇలా పుట్టినవారు దాదాపు కోటీ 34 లక్షల మంది. అంటే పుట్టిన ప్రతి పదిమందిలో ఒకరు. 32 నుంచి 37 వారాల మధ్య పుట్టినవారిలో చాలామందికి వెచ్చదనం, పాలు పట్టడంలో సాయం, కామెర్లకు చికిత్స, కొంతకాలం పరిశీలన సరిపోతాయి. 28 వారాలకు ముందే పుట్టిన బిడ్డలో మాత్రం ప్రతి అవయవమూ ఇంకా తయారవుతూనే ఉంటుంది కాబట్టి ఆసుపత్రి బస నెలల తరబడి సాగవచ్చు. బరువును మాత్రమే చూసి భయపడడం, ధైర్యపడడం సరికాదు. 34 వారాలకు 1,500 గ్రాములతో పుట్టిన బిడ్డ ఊపిరితిత్తులు సాధారణంగా 30 వారాలకు అదే బరువుతో పుట్టిన బిడ్డవాటికన్నా ఎక్కువ ఎదిగి ఉంటాయి.

ఊపిరి గురించి కాస్త వివరంగా తెలుసుకోవడం మంచిది, ఎందుకంటే మొదటి రోజుల్లో మీరు వినే మాటల్లో సగం దాని గురించే. ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి తిత్తుల లోపలి గోడల మీద సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర ఉంటుంది. అది తగినంత లేకపోతే ఊపిరి వదిలిన ప్రతిసారీ ఆ తిత్తులు తడి ప్లాస్టిక్ సంచి గోడల్లా అతుక్కుపోతాయి, మళ్ళీ విచ్చుకోవడానికి బిడ్డ ఎంతో శ్రమపడాలి. ఈ లోపమే ఊపిరి ఇబ్బందికి మూలమని 1959లో మేరీ ఎలెన్ ఏవరీ, జెరీ మీడ్ కనుగొన్నారు. 1980లో జపాన్‌కు చెందిన టెట్సురో ఫుజివారా బృందం బయటి నుంచి సర్ఫాక్టెంట్ ఇచ్చి బిడ్డలను నిలబెట్టగలిగింది. ప్రసవానికి ముందే తల్లికి స్టెరాయిడ్ ఇంజెక్షన్లు ఇస్తే కడుపులోని బిడ్డ ఊపిరితిత్తులు త్వరగా సిద్ధమవుతాయని 1972లో న్యూజీలాండ్ వైద్యులు లిగ్గిన్స్, హౌవీ చూపించారు. మీకు ఆ ఇంజెక్షన్లు పడ్డాయా, ఎన్ని పడ్డాయి అన్నది బిడ్డ డాక్టరుకు తప్పక తెలియాలి. ప్రసవం ఒక ఆసుపత్రిలో, బిడ్డ మరో ఆసుపత్రిలో అయినప్పుడు ఇలాంటి వివరాలు దారిలో జారిపోతుంటాయి.

నెలలు నిండి పుట్టినవారూ ఎన్ఐసీయూకు వస్తారు. ఇన్‌ఫెక్షన్, రక్తంలో చక్కెర పడిపోవడం, తీవ్రమైన కామెర్లు, పుట్టుకతో వచ్చిన లోపాలు, ప్రసవంలో మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం ఇందుకు కారణాలు. చివరిది జరిగినప్పుడు కొందరు బిడ్డల శరీరాన్ని 33 నుంచి 34 డిగ్రీల సెల్సియస్ దాకా చల్లబరిచి 72 గంటలు అలాగే ఉంచుతారు. ఈ చికిత్సను పుట్టిన 6 గంటలలోపే మొదలుపెట్టాలి. బిడ్డ చల్లగా ఉందని, కదలడం లేదని అప్పుడు బెంబేలెత్తవద్దు. ఆ చల్లదనమే అక్కడి వైద్యం.

లోపలికి వెళ్ళే ముందు

ఉంగరాలు, గాజులు, గడియారం తీసేయండి. మోచేతుల దాకా సబ్బుతో కడుక్కోండి. చేతులు కడగడానికి 40 నుంచి 60 సెకన్లు పడుతుంది, అంతకు తగ్గించవద్దు. ఫోను ముట్టుకున్న ప్రతిసారీ మళ్ళీ చేతులు శుభ్రం చేసుకోవాలి. జలుబు, జ్వరం, విరేచనాలు, పెదవి మీద పొక్కు ఉంటే ముందే నర్సుకు చెప్పండి. ఎవరైనా చేతులు కడగకుండా బిడ్డను ముట్టుకోబోతే, వారు ఎంత పెద్దవారైనా సరే, నెమ్మదిగా ఆపండి. మంచి వార్డులో దీన్ని ఎవరూ తప్పుగా తీసుకోరు.

యంత్రాల మధ్య బిడ్డను చూడడం

మొదటిసారి చూసినప్పుడు తీగలు, గొట్టాలే కనిపిస్తాయి. ఒక్కొక్కటీ ఎందుకో నర్సును అడిగి తెలుసుకుంటే వాటి భయం తగ్గుతుంది. ఛాతీ మీద అతికించినవి గుండె కొట్టుకునే వేగాన్ని, ఊపిరిని లెక్కిస్తాయి. చేతికో పాదానికో ఎర్రని వెలుగుతో చుట్టి ఉండేది రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని చూపుతుంది. నోటి నుంచో ముక్కు నుంచో కడుపులోకి వెళ్ళే సన్నని గొట్టం పాల కోసం. బొడ్డు దగ్గర ఉన్నది రక్తనాళంలోకి వెళ్ళే లైన్. అక్కడ నరాలు లేవు కాబట్టి అది బిడ్డకు నొప్పి కలిగించదు.

ముక్కు దగ్గర గొట్టాలతో ఉన్నది సీపాప్ అయి ఉండవచ్చు. అది బిడ్డ తీసుకునే ఊపిరికి కొద్దిపాటి ఒత్తిడి జోడించి గాలి తిత్తులు మూసుకుపోకుండా కాపాడుతుంది, ఊపిరి మాత్రం బిడ్డదే. వెంటిలేటర్ అయితే శ్వాసనాళంలో గొట్టం ఉంటుంది, కాబట్టి బిడ్డ ఏడ్చినా శబ్దం వినిపించదు. ఈ ఒక్క సంగతి ముందే తెలియక కుమిలిపోయే తల్లులు ఉంటారు. గొట్టం తీశాక గొంతు వస్తుంది.

ఆక్సిజన్ తీసుకుంటున్న నెలలు నిండని బిడ్డకు శాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, సాధారణంగా 90 నుంచి 95 శాతం మధ్య ఉండేలా చూస్తారు. నూటికి నూరు ఉంటేనే మంచిదని పెద్దవారి విషయంలో అనుకుంటాం, ఇక్కడ అది కుదరదు. అవసరానికి మించిన ఆక్సిజన్ ఎదుగుతున్న కంటి రెటీనాను దెబ్బతీస్తుంది. కాబట్టి అంకె 92 దగ్గర ఉంటే ఎందుకు పెంచడం లేదని ఆందోళన పడకండి.

అలారం మోగితే ముందు బిడ్డను చూడండి, తర్వాతే తెరను. రంగు బాగుందా, ఛాతీ కదులుతోందా? చాలా అలారాలు తీగ జారినందువల్లో, బిడ్డ కాలు విదిల్చినందువల్లో మోగుతాయి. నెలలు నిండని బిడ్డలు మధ్యమధ్య ఊపిరి మరచిపోతారు. అలా 20 సెకన్లు దాటినా, అంతకన్నా తక్కువసేపైనా గుండె నెమ్మదించి ఆక్సిజన్ తగ్గినా ఆప్నియా అంటారు. చాలాసార్లు అరికాలు తట్టగానే మళ్ళీ ఊపిరి తీసుకుంటారు. దీనికి ఇచ్చే ముఖ్యమైన మందు కెఫీన్. మెదడులోని శ్వాస కేంద్రం ఎదిగేకొద్దీ ఈ మరుపు పోతుంది. గంటల తరబడి తెరమీది అంకెలనే చూస్తూ కూర్చోవడం మాత్రం మానుకోండి. ఆ పని చేయడానికి నర్సులున్నారు. మీరు బిడ్డ ముఖం చూడండి.

పాలు: తల్లి మాత్రమే చేయగలిగిన పని

ఈ మార్గదర్శిలో ఒక్క భాగమే గుర్తుంచుకునే ఓపిక ఉంటే ఇదే గుర్తుంచుకోండి. నెలలు నిండని బిడ్డల పేగులకు నెక్రొటైజింగ్ ఎంటెరోకొలైటిస్ అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు. పేగు గోడ వాచి, కుళ్ళిపోయే స్థితి అది. తల్లి పాలు ఆ ముప్పును తగ్గిస్తాయి. పోతపాలకు ఆ శక్తి లేదు.

బిడ్డ నోటితో తాగలేకపోయినా పాలు పిండడం వెంటనే మొదలుపెట్టాలి. వీలైతే మొదటి గంటలోనే, ఆలస్యమైనా ఆరు గంటలలోపు. మొదటి రెండు మూడు రోజులు చేత్తో పిండడమే మేలు. అప్పుడు వచ్చే ముర్రుపాలు చుక్కలే కాబట్టి పంపు గొట్టాల్లో అంటుకుపోయి వృథా అవుతాయి. చేతులు కడుక్కుని, రొమ్మును మృదువుగా మర్దన చేసి, బొటనవేలు, చూపుడువేలు చనుమొనకు కాస్త వెనుకగా ఉంచి, ఛాతీవైపు నొక్కి, తర్వాత రెండు వేళ్ళనూ దగ్గరకు తెచ్చి వదలాలి. చర్మం మీద వేళ్ళు జారకూడదు. కాసేపయ్యాక వేళ్ళ స్థానం మార్చాలి. చుక్కలను సిరంజిలోకి తీసుకుని నర్సుకు ఇవ్వండి. అర మిల్లీలీటరే వచ్చిందని సిగ్గుపడి పారబోయవద్దు. ఆ చుక్కలను బిడ్డ బుగ్గల లోపల పూస్తారు, అవే తొలి రక్షణ.

రోజుకు కనీసం ఎనిమిది సార్లు పిండాలి, అందులో ఒకటి రాత్రివేళ ఉండాలి. పాలు తయారు చేయించే ప్రొలాక్టిన్ హార్మోన్ రాత్రిళ్ళు ఎక్కువగా ఉంటుంది. పాలు దిగడం మొదలయ్యాక రెండు వైపులా ఒకేసారి పిండే ఎలక్ట్రిక్ పంపు దొరికితే సమయం కలిసొస్తుంది. ఇంక్యుబేటర్ పక్కన కూర్చుని గానీ, బిడ్డను ఛాతీకి హత్తుకున్న వెంటనే గానీ పిండితే పాలు బాగా దిగుతాయి. రెండో వారం చివరికి రోజుకు 500 నుంచి 750 మిల్లీలీటర్లు వచ్చేలా చూసుకోవడం లక్ష్యం. ఇప్పుడు బిడ్డ తాగేది అందులో కొంచెమే అయినా, మొదటి రెండు వారాల్లో కుదిరిన మోతాదు మీదే తర్వాతి నెలల పాలు ఆధారపడతాయి. సీసా మీద బిడ్డ పేరు, తేదీ, సమయం రాయండి. నిల్వ విషయంలో ఆ యూనిట్ నియమాలనే పాటించండి.

ప్రయత్నించినా పాలు చాలకపోతే పాల బ్యాంకులో శుద్ధి చేసిన దాత పాలు ఉన్నాయేమో అడగండి. అవీ లేకపోతే డాక్టర్లు నెలలు నిండని బిడ్డల కోసం తయారైన ఫార్ములా ఇస్తారు. ఎక్కువ రక్తస్రావం, ఆపరేషన్, అధిక రక్తపోటు, తీవ్రమైన ఒత్తిడి ఇవన్నీ పాలను ఆలస్యం చేస్తాయి. ఇందులో తల్లి లోపమేమీ లేదు, ఎవరైనా అలా అంటే పక్కనున్నవారు అక్కడికక్కడే అడ్డుకోవాలి.

బిడ్డకు పాలు గొట్టం ద్వారా కొద్దికొద్దిగా మొదలై రోజూ పెరుగుతాయి. బాగా చిన్న బిడ్డల ఎముకలకు, ఎదుగుదలకు తల్లి పాలలో ఉన్న ప్రొటీన్, కాల్షియం, ఫాస్ఫరస్ చాలవు కాబట్టి కొంతకాలం ఆ పాలలో ఫోర్టిఫయర్ అనే అదనపు పోషకాలను కలుపుతారు. మీ పాలు మంచివి కావని దాని అర్థం కాదు. చప్పరించడం, మింగడం, ఊపిరి తీసుకోవడం ఈ మూడూ కలిసి కుదిరేది సాధారణంగా 32 నుంచి 34 వారాల మధ్య. అంతకుముందే నోటితో తాగించాలని తొందరపెడితే పాలు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. గొట్టంతో పాలు పడుతున్నప్పుడు బిడ్డను రొమ్ము దగ్గర ఉంచి వాసన చూడనివ్వండి, నాకనివ్వండి. అదే సాధన.

మొదటి వారంలో బరువు తగ్గడం మామూలే, పుట్టిన బరువుకు తిరిగి చేరేసరికి రెండు వారాలు పట్టవచ్చు. ఆ తర్వాత రోజుకు కిలోకు 15 నుంచి 20 గ్రాముల చొప్పున పెరిగితే బాగున్నట్టు. ఒక్కరోజు తగ్గిన 20 గ్రాములకు కుంగిపోవద్దు, వారానికొకసారి లెక్క చూడండి.

తాకడం, ఛాతీకి హత్తుకోవడం

చాలా చిన్న బిడ్డల చర్మం పలుచన, నాడీ వ్యవస్థ సున్నితం. వేళ్ళ కొసలతో నిమరడం వారికి హాయి కాదు, చిరాకు. దానికి బదులు వెచ్చని అరచేతిని తల మీద, మరో చేతిని మడిచిన కాళ్ళ కింద ఉంచి కదపకుండా పట్టుకోండి. మడమ గుచ్చి రక్తం తీసేటప్పుడు ఇలా పట్టుకుంటే నొప్పి తగ్గుతుందని తేలింది, నాలుక మీద రెండు చుక్కల తల్లి పాలు కూడా సాయపడతాయి. ఆ సమయంలో ఉండనిమ్మని అడగండి. వేళ్ళు బిర్రుగా చాపడం, ఆవులించడం, వెక్కిళ్ళు, వెనక్కి విరుచుకోవడం, రంగు మారడం ఇవన్నీ బిడ్డ చాలంటున్న గుర్తులు. అప్పుడు చేయి అలాగే నిశ్చలంగా ఉంచి, మాట ఆపి, కాసేపు ఆగండి. ఇంక్యుబేటర్ మీద సీసాలు పెట్టవద్దు, దాని తలుపులు చప్పుడు కాకుండా మూయండి. లోపలి బిడ్డకు ఆ శబ్దం పెద్దగా వినిపిస్తుంది.

ఇక కంగారూ సంరక్షణ. 1978లో కొలంబియా రాజధాని బొగోటాలో ఇంక్యుబేటర్లు చాలక డాక్టర్ ఎడ్గార్ రే సనాబ్రియా బిడ్డలను తల్లుల ఛాతీకి కట్టించారు. కొరతలో పుట్టిన ఈ పద్ధతి ఇప్పుడు ఉత్తమ చికిత్సలలో ఒకటి. ఘనా, భారత్, మలావీ, నైజీరియా, టాంజానియాలలో 1,000 నుంచి 1,799 గ్రాముల బిడ్డల మీద జరిగి 2021లో వెలువడిన అధ్యయనంలో, బిడ్డ కుదుటపడేదాకా ఆగకుండా పుట్టిన వెంటనే ఇది మొదలుపెట్టినప్పుడు మొదటి 28 రోజుల మరణాలు 15.7 శాతం నుంచి 12 శాతానికి తగ్గాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నెలలు నిండని, తక్కువ బరువున్న బిడ్డలకు వీలైనంత త్వరగా మొదలుపెట్టి రోజుకు 8 నుంచి 24 గంటలు ఇవ్వాలని సిఫారసు చేసింది. కాబట్టి ఎవరూ అడగకపోయినా మీరే అడగండి: ఈ రోజు బిడ్డను ఛాతీ మీద పెట్టుకోవచ్చా? సీపాప్ మీద ఉన్న బిడ్డలను కూడా చాలా యూనిట్లలో పెట్టనిస్తారు.

ముందు తెరిచే బట్టలు వేసుకుని, బాత్రూముకు వెళ్ళివచ్చి, వెనక్కి వాలే కుర్చీలో కూర్చోండి. డైపరు, టోపీ, సాక్సులతో ఉన్న బిడ్డను రెండు రొమ్ముల మధ్య నిలువుగా, కాళ్ళు చేతులు మడిచి, మీ చర్మానికి తాకేలా పెడతారు. తల ఒక పక్కకు తిరిగి ఉండాలి, గడ్డం కాస్త పైకి, ముక్కు తెరిచి ఉండాలి. మెడ ముందుకు వంగితే గాలిదారి మూసుకుంటుంది. తర్వాత గుడ్డతో కట్టుకోండి. కూర్చుంటే కనీసం గంట కూర్చోండి, ఎందుకంటే బిడ్డకు అలసట కలిగించేది పడక నుంచి మీ దగ్గరకు మారడమే. తండ్రి ఛాతీ మీదా ఇది అంతే పనిచేస్తుంది. తల్లి ఆపరేషన్ తర్వాత లేవలేని రోజుల్లో తండ్రే మొదలుపెట్టాలి.

డాక్టర్లతో మాట

ఒక నోటు పుస్తకం పెట్టుకోండి. తేదీ, బరువు, పాల మోతాదు, ఊపిరికి ఏ సాయం, కొత్త మందు, కొత్త పరీక్ష రాయండి. డాక్టర్లు బిడ్డలందరినీ చూస్తూ వచ్చే రౌండ్స్ ఎప్పుడో తెలుసుకుని ఆ వేళకు ఉండండి. నిన్నటికీ ఈ రోజుకీ ఏమి మారింది, ఎందుకు మారింది, తర్వాతి మెట్టు ఏది అని అడగండి. అర్థం కాకపోతే మళ్ళీ చెప్పమనండి. బంధువులందరికీ వివరాలు చెప్పే పని ఒకరికే అప్పగిస్తే మీ శక్తి మిగులుతుంది. బిడ్డ ఈ రోజు ఎందుకో వేరుగా ఉందని మీకు అనిపిస్తే, కారణం చెప్పలేకపోయినా నర్సుకు చెప్పండి. ఇన్‌ఫెక్షన్ తొలి గుర్తు ఒక్కోసారి అంత సూక్ష్మంగానే ఉంటుంది.

కొన్ని పరీక్షల వేళలు ముందే తెలిసి ఉండడం మంచిది. బాగా ముందుగా పుట్టినవారిలో మెదడులో రక్తస్రావం జరిగితే ఎక్కువగా మొదటి మూడు రోజుల్లోనే జరుగుతుంది, అందుకే తొలి వారంలో మాడు మీద నుంచి అల్ట్రాసౌండ్ చేస్తారు. చిన్న రక్తస్రావాలు చాలావరకు ఇబ్బంది లేకుండా కరిగిపోతాయి, పెద్దవాటి గురించి తీవ్రతను చెప్పే గ్రేడు అడిగి వివరంగా మాట్లాడాలి. పుట్టిన నాలుగు వారాల ప్రాంతంలో కంటి రెటీనా పరీక్ష మొదలవుతుంది. దీన్ని ఎట్టి పరిస్థితిలోనూ వాయిదా వేయకూడదు. సకాలంలో లేజరు లేదా ఇంజెక్షన్ చూపును కాపాడుతుంది, కొన్ని వారాలు ఆలస్యమైతే పోయిన చూపు తిరిగిరాదు. డిశ్చార్జికి ముందు వినికిడి పరీక్ష అయిందో లేదో అడగండి.

మీ సంగతి

ప్రసవమైన తల్లికి తిండి, నిద్ర, మందులు కావాలి. జ్వరం, ఎక్కువ రక్తస్రావం, తీవ్రమైన తలనొప్పి, కాలి వాపు వస్తే బిడ్డ దగ్గర ఉన్నానని ఊరుకోకుండా వెంటనే చూపించుకోవాలి. ఏడుపు, నిద్రలేమి, అపరాధ భావం రెండు వారాలు దాటినా తగ్గకపోతే అది కుంగుబాటు కావచ్చు, దానికి వైద్యం ఉంది. తండ్రులకూ వస్తుంది, వారు చెప్పుకోవడం తక్కువ. బిడ్డ బతకదేమో అన్న మాట వినవలసి వస్తే, ఆ సంభాషణకు మీతో మరొకరిని కూర్చోబెట్టుకోండి. అప్పుడు కూడా బిడ్డను ఎత్తుకునే హక్కు మీకుంది, అడగండి.

ఇంటికి వెళ్ళే ముందు

తేదీ ముందే ఖాయం చేసుకోకండి. చాలా ముందుగా పుట్టినవారు సాధారణంగా అసలు ప్రసవ తేదీకి కాస్త అటూ ఇటూగా ఇంటికి వెళతారు. చూసేది నాలుగు విషయాలు: మామూలు పడకలో ఒంటి వేడి నిలుపుకోవడం, పాలన్నీ నోటితో తాగడం, బరువు నిలకడగా పెరగడం, కొన్ని రోజులుగా ఆప్నియా లేకపోవడం. వీలుంటే చివరి ఒకటి రెండు రాత్రులు ఆసుపత్రిలోనే బిడ్డ పనులన్నీ మీరే చేయండి. మందుల మోతాదును నర్సు ముందు మీ చేత్తోనే కొలవండి. ఊపిరి ఆగితే ఏమి చేయాలో బొమ్మ మీద నేర్పమనండి.

వార్డులో మానిటర్ మీద ఉన్నప్పుడు బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఉండవచ్చు. ఇంట్లో మాత్రం వెల్లకిలా, గట్టి పరుపు మీద, దిండ్లు, బొమ్మలు లేకుండా పడుకోబెట్టాలి. పొగతాగేవారు దూరంగా ఉండాలి.

పాలు తాగకపోవడం, ఊపిరి నిమిషానికి 60 దాటడం, ఊపిరి తీసుకునేటప్పుడు డొక్కలు లోపలికి పోవడం, పెదవులు నీలంగా మారడం, ఫిట్స్, కదిపితే తప్ప కదలకపోవడం, ఒంటి వేడి 37.5 డిగ్రీలు దాటడం లేదా వెచ్చగా చుట్టినా 36.5 చేరకపోవడం, ఆకుపచ్చ వాంతి, పొట్ట ఉబ్బరం, మలంలో రక్తం, అరచేతులకు పాకిన పసుపు రంగు: ఇందులో ఒక్కటి కనిపించినా తెల్లవారేదాకా ఆగకుండా ఆసుపత్రికి వెళ్ళండి.

టీకాలు పుట్టిన తేదీ ప్రకారమే వేయించాలి. ఎదుగుదల లెక్కకు మాత్రం అసలు ప్రసవ తేదీ నుంచి లెక్కించిన సవరించిన వయసు వాడతారు, రెండేళ్ళ దాకా. రెండు నెలలు ముందు పుట్టిన ఎనిమిది నెలల బిడ్డను ఆరు నెలల బిడ్డతో పోల్చాలి. డిశ్చార్జి సారాంశం కాపీ, చేసిన పరీక్షల ఫలితాలు, ఇనుము, విటమిన్ డి చుక్కల మోతాదు, తర్వాతి కంటి పరీక్ష తేదీ చేతిలో పడ్డాకే గేటు దాటండి. రెటీనా ఎదుగుదల పూర్తయిందని కంటి డాక్టరు చెప్పేదాకా ఆ పరీక్షలు ఇంటికి వెళ్ళాక కూడా కొనసాగాలి.